బారువ రేవు, బర్మా కూలి

మహేంద్రతనయ సముద్రమున గలియుచోట, కొబ్బరితోటల నడుమ నున్నది బారువ. నేడచ్చట పొగయోడలు నిలువవు. బర్మా ప్రయాణముల కాలమున మాత్రము ఉద్దానపు కూలీలు ఈ యొడ్డుననే తమవారిని వీడ్కొనెడివారు. ఓడ దూరముగా లంగరు వేసి నిలుచును. మసూలా పడవలు అలల మీదుగా జనులను దాని దరి జేర్చును. ఆ పడవ యెక్కిన కూలి స్వేచ్ఛతో పోవుచుండెనా, లేక బందీగా పోవుచుండెనా?

1856లో కలకత్తా, రంగూనుల నడుమ టపా మోయుటకు బుట్టిన స్టీమరు కంపెనీ, 1862లో బ్రిటిషు ఇండియా స్టీము నావిగేషను కంపెనీ యను పేరు దాల్చెను. 1869లో సూయజు కాలువ తెరువబడగా బర్మా బియ్యమునకు ఐరోపా విపణులు చేరువయ్యెను. రంగూను మిల్లులకును, రేవునకును కూలీలు కావలసివచ్చిరి. ఓడవారికి డెక్కు టిక్కెట్ల రాబడి, మిల్లుదారునకు చౌకయైన చాకిరి, నడుమనున్న మేస్త్రీకి తలకింత లాభము. ముగ్గురి లెక్కలును సరిపోయినవి. కూలి లెక్క యొక్కటియే తేలలేదు.

ఏలయన, ఓడ ఖర్చును, ఇంటికి విడిచిన సొమ్మును మేస్త్రీ బయానాగా నిచ్చును. జీతము మేస్త్రీ చేతి మీదుగానే వచ్చును. బాకీ అందుండియే కోయబడును. ఇట్టి బయానాల వెనుక మనదేశమున శాసనబలము కూడ నుండెను. 1859వ సంవత్సరపు 13వ చట్టము ప్రకారము, బయానా పుచ్చుకొని పని విడిచిన పనివానిని, మేజిస్ట్రేటు ఉత్తరువు మీరినచో, మూడు నెలలవరకు ఖైదు చేయవచ్చును. ఒకరి బాకీకి సర్కారు చెరసాల జామీనయ్యె నన్నమాట. 1925లో గాని ఆ చట్టము రద్దు కాలేదు.

1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు అధిక కూలి కోరి సమ్మె గట్టిరి. సరకెత్తు కంపెనీలు బర్మీయులను పనిలో బెట్టుకొని, సమ్మె తీరగానే వారిని పంపివేసెను. నెత్తురు చిందినది కూలీల నడుమ.  1941 డిసెంబరు 23న జపాను బాంబులు రంగూనుపై బడెను. పిమ్మట లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు బయలుదేరగా, వారిలో ననేకులు కొండదారుల కాలినడకను నడచి, త్రోవలోనే ప్రాణములు విడిచిరి.

ఇది గతించిన కథ యని యూరకుండ రాదు. 1983లో అమెరికాలో జైళ్ల నడుపుటకే యొక కంపెనీ వెలసెను. మరుసటి యేట హ్యూస్టను నగరమున వలసవచ్చినవారి నిర్బంధశాలను నడుపసాగెను. అచ్చట ఒక్కొక మనిషికి, ఒక్కొక దినమునకు ఇంతయని సర్కారు సొమ్ము చెల్లించును. బర్మా కూలిని బంధించినది బాకీ. అచ్చట బంధించునది గోడ. కాని రెండుచోట్లను, మనిషి విడుదలయైన దినమున ఒకరి రాబడి తగ్గును. ఎవరి విడుదల మరియొకరికి నష్టమగునో, వాని తాళపుచెవి ఆ నష్టపోవువాని చేతికీయరాదు. బారువ యొడ్డున మనవారు వెలయిచ్చి నేర్చిన పాఠ మిదియే.