వంటింటి గింజలూ, అడిలైడ్ కుర్రాడూ

మా అమ్మాయికి బడిలో పరమాణువు బొమ్మ చేసి తెమ్మన్నారు. నడుమ కేంద్రకం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు, చుట్టూ ఎలక్ట్రాన్లు. అంతవరకూ దానికి వచ్చు. "ప్రోటాన్లు ఎన్నో చూసే గదా మూలకానికి పేరు పెడతారు, మరి న్యూట్రాన్లు దేనికి నాన్నా?" అంది. మేముండేది అడిలైడ్‌లో. ఆ ప్రశ్నతో బతుకంతా ముడిపడిన మనిషి ఈ ఊళ్ళోనే పుట్టాడని గుర్తొచ్చి, వంటింట్లోంచి నాలుగు గింజలు తెచ్చాను.

మార్క్ ఆలిఫంట్ 1901లో ఇక్కడి కెంట్ టౌన్‌లో పుట్టాడు. కేంద్రకం ఉనికిని 1911లో లోకానికి చెప్పిన రూథర్‌ఫర్డ్, 1925లో అడిలైడ్ వచ్చి ఉపన్యాసమిస్తే విన్నాడు. పనిచేస్తే ఈయన దగ్గరే అనుకున్నాడు. రెండేళ్ళకి స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జిలో కేవెండిష్ ప్రయోగశాల చేరాడు. అక్కడే 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టాడు. (తరవాత లివర్‌పూల్‌లో ఆ చాడ్విక్ దగ్గరే మన స్వామి జ్ఞానానంద పనిచేశారు. ఆ కథ ఇంకోసారి.)

మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఉండేది ఒక్క ప్రోటానే. భార హైడ్రోజన్‌లో దానికి తోడు ఒక న్యూట్రాన్ ఉంటుంది. 1934లో ఆలిఫంట్, హార్టెక్, రూథర్‌ఫర్డ్ ఈ భార హైడ్రోజన్‌ని భార హైడ్రోజన్‌తోనే కొట్టారు. బయటపడ్డ కణాల్లో కొన్ని కాస్త దూరం పోయి ఆగిపోతున్నాయి. అవేమిటో అంతుపట్టక, అలిసిపోయి ఇళ్ళకి పోయారు. తెల్లవారుజాము మూడింటికి ఆలిఫంట్ ఇంట్లో ఫోను మోగింది. అవి మూడు బరువున్న హీలియం అని రూథర్‌ఫర్డ్. ఎలా చెప్పగలరంటే, కారణాలెందుకయ్యా, నాకు లోపల తెలుస్తోంది అన్న ధోరణిలో కసిరాడట! తరవాత లెక్క కుదిరింది.

వేరుశనగపప్పు ప్రోటాన్, శనగగింజ న్యూట్రాన్ అనుకోండి. రెండు జతలు ఢీకొన్నాయి. ఒక శనగగింజ ఎగిరిపోతే మిగిలేవి రెండు ప్రోటాన్లు, ఒక న్యూట్రాన్. అది హీలియం-3. వేరుశనగ ఎగిరిపోతే ఒక ప్రోటాన్, రెండు న్యూట్రాన్లు. అది ట్రిటియం. హైడ్రోజనే, కాని మూడింతల బరువు, పైగా నిలకడ లేదు. పన్నెండేళ్ళు దాటేసరికి సగం హీలియం-3గా మారిపోతుంది. అమ్మాయి ప్రశ్నకి నా జవాబు అంతే.

దానికి చెప్పని భాగం ఉంది. ఈ కేంద్రకాల కలయికే తరవాత హైడ్రోజన్ బాంబుకి దారితీసింది. ఆలిఫంట్ 1941లో అమెరికా వెళ్ళి, అణుబాంబు పని త్వరపెట్టమని అక్కడివాళ్ళని తొందరపెట్టాడు. తానూ ఆ పనిలో చేరాడు. హిరోషిమా తరవాత మాత్రం ఆ ఆయుధాలకి గట్టిగా ఎదురు మాట్లాడాడు.

1950లో కాన్‌బెర్రాకి తిరిగొచ్చాడు. 1956, 57లలో బ్రిటన్ మా రాష్ట్రంలోనే మరలింగాలో, ఆదివాసుల నేలమీద, ఏడు అణుబాంబులు పేల్చింది. ఆలిఫంట్‌ని దూరంగా ఉంచారు. భద్రతా సంఘంలో కూర్చున్నది ఆయన పాత శిష్యుడు టిటర్టన్. 1956 అక్టోబరు 11 పేలుడు తరవాత అడిలైడ్ గాలిలో రేడియోధార్మికతని కొలిచింది ఆయన మిత్రుడు మార్‌స్టన్. భద్రతా సంఘంతో ఆయనకి పెద్ద తగువే అయింది. వ్యాసం అచ్చవడానికి 1958 దాకా పట్టింది.

అమ్మాయి గింజలు అట్టకి అంటించుకుంది. హైడ్రోజన్ అన్నచోట రెండు శనగగింజలున్నాయేమే అంటే, "ట్రిటియం నాన్నా" అంది.