‘గ్యాస్ అయిపోయింది సార్’ అన్నారా? ఏసీ రిపేర్ బిల్లు కట్టే ముందు ఇవి చూసుకోండి

ఏప్రిల్ మధ్యాహ్నం. తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తు ఫ్లాట్. మీరు ఆఫీసు కాల్‌లో ఉన్నారు. ఏసీ నడుస్తోంది గానీ గది చల్లబడట్లేదు. ఫోన్‌లో వెతికి దొరికిన నంబర్‌కు కాల్ చేశారు. గంటలో మెకానిక్ వచ్చాడు. బాల్కనీలోని ఔట్‌డోర్ యూనిట్‌కు గేజ్ తగిలించి, రెండు నిమిషాల్లో తేల్చేశాడు: ‘‘గ్యాస్ అయిపోయింది సార్, నింపాలి. కెపాసిటర్ కూడా వీక్‌గా ఉంది.’’ గేజ్ చదవడం మీకు రాదు. కాల్ మధ్యలో లేచి వచ్చారు. బయట ఎండ మండిపోతోంది. ‘‘సరే, కానివ్వండి’’ అనేశారు.

బిల్లు పెరిగేది సరిగ్గా ఈ రెండు నిమిషాల్లోనే. మెకానిక్‌లు అందరూ మోసం చేస్తారని కాదు. ఎత్తైన టవర్లలో అంచు మీద నిలబడి పనిచేసే వాళ్ల కష్టానికి తగిన కూలి ఇవ్వాల్సిందే. కానీ ఏం పాడైందో చెప్పేదీ, దానికి ధర చెప్పేదీ, డబ్బు తీసుకునేదీ ఒకరే అయినప్పుడు, చెప్పింది నిజమో కాదో చూసుకునే దారి మీకు ఉండాలి. ఆ దారి ఉంది. దానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

గ్యాస్ ఎందుకు ‘అయిపోదు’?

మీ ఇంట్లో ఫ్రిజ్‌కు ఏటా గ్యాస్ నింపిస్తున్నారా? లేదు కదా. ఏసీ కూడా అదే పద్ధతిలో పనిచేస్తుంది. వంట సిలిండర్‌లో గ్యాస్ మండి ఖర్చవుతుంది. ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు, మూసి ఉన్న రాగి గొట్టాల్లో గుండ్రంగా తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోస్తుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. ఫ్రిజ్ పైపులను ఫ్యాక్టరీలోనే అతికి మూసేస్తారు. స్ప్లిట్ ఏసీలో ఇండోర్, ఔట్‌డోర్ యూనిట్లను మీ ఇంట్లో బిగిస్తారు కాబట్టి, ఆ జాయింట్ల దగ్గర లీకయ్యే అవకాశం కాస్త ఎక్కువ. అంతే తేడా.

అందుకే ‘‘గ్యాస్ తగ్గింది’’ అనగానే మీరు అడగాల్సిన మొదటి మాట ధర గురించి కాదు. ‘‘అన్నా, లీక్ ఎక్కడుందో ఒకసారి చూపించండి’’ అని అడగండి. జాయింట్లకు సబ్బు నురుగు రాస్తే లీక్ ఉన్నచోట బుడగలు వస్తాయి. అలా దొరక్కపోతే పైపుల్లో నైట్రోజన్ నింపి, ఒత్తిడి పడిపోతుందో లేదో చూస్తారు. లీక్ కనిపెట్టకుండా గ్యాస్ నింపడమంటే పంక్చర్ వేయకుండా టైరుకు గాలి కొట్టడమే. వచ్చే వేసవికి మళ్లీ అదే బిల్లు. ‘‘ప్రతి ఏడాదీ కొంచెం టాప్-అప్ చేయించాలి మేడమ్’’ అనే సలహా వింటే అక్కడే ఆపేయండి.

లీక్ సరిచేశాక వ్యాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లోని గాలి, తేమ లాగేయాలి. అది ఐదు నిమిషాల పని కాదు, అరగంట దాకా పడుతుంది. పంపు తీసుకురాకుండా, లోపలున్న గాలిని కాస్త గ్యాస్‌తోనే బయటికి తోసేసి ‘అయిపోయింది’ అంటే పని సగమే అయినట్టు. లోపల మిగిలిన తేమ కాలక్రమంలో కంప్రెసర్‌ను తినేస్తుంది.

ఇక అసలు కిటుకు తూకంలో ఉంది. ఔట్‌డోర్ యూనిట్ పక్కన అతికించిన ప్లేటు మీద ఏ గ్యాస్ వాడాలో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. దాన్ని ఈరోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఒకటిన్నర టన్నుల ఇంటి ఏసీలో పట్టేది సాధారణంగా కిలోకు అటూ ఇటూగా మాత్రమే. ప్లేటు మీద 850 గ్రాములు అని ఉంటే ‘‘రెండు కిలోలు పట్టింది’’ అన్న బిల్లు నిజం కావడానికి వీల్లేదు. సిలిండర్‌ను తూకం మీద పెట్టి, నింపకముందు ఎంత ఉంది, నింపాక ఎంత ఉంది అని చూడండి. తూకం లేకుండా ఒక్క గేజ్ చూసి నింపడం ఇన్వర్టర్ ఏసీలకు అస్సలు నప్పదు. వాటి కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, దానితో పాటు గేజ్ అంకె కూడా మారుతుంది.

గ్యాస్ రకం డబ్బుకే కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం కూడా. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. కొన్ని మోడళ్లలో వాడే ఆర్-290 అయితే ప్రొపేన్, అంటే వంటగ్యాస్ కుటుంబానిదే. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఓజోన్ పొరకు చేటు చేస్తుంది కాబట్టి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలోనూ దాన్ని దశలవారీగా తగ్గిస్తున్నారు. ఒకదాని బదులు ఇంకొకటి నింపకూడదు, కలపకూడదు. ఒత్తిళ్లు వేరు, కంప్రెసర్‌లో ఉండే నూనె వేరు. ‘‘అదే గ్యాస్ సార్, అన్నింటికీ ఇదే వాడతాం’’ అంటే మర్యాదగా పంపించేయండి.

ఫోన్ చేసే ముందు పది నిమిషాలు

చాలా ‘రిపేర్లు’ నిజానికి దుమ్ము. తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్ వైపు ఎటు చూసినా కడుతున్న టవర్లే, టిప్పర్లే. ఆ ధూళి ఔట్‌డోర్ యూనిట్ కాయిల్ మీద పేరుకుంటే వేడి బయటికి పోదు, చల్లదనం తగ్గుతుంది. లోపలి ఫిల్టర్ మూసుకుపోతే ఇండోర్ కాయిల్ మీద మంచు కడుతుంది. మంచు కనిపించగానే ‘గ్యాస్ లీక్’ అంటారు. కావచ్చు, కానీ మురికి ఫిల్టర్‌తోనూ అదే జరుగుతుంది. ముందు ఫిల్టర్ తీసి కుళాయి కింద కడిగి, ఆరబెట్టి పెట్టండి. రిమోట్ ‘కూల్’ మోడ్‌లో ఉందా, పిల్లలెవరైనా ‘ఫ్యాన్’కో ‘డ్రై’కో మార్చారా చూడండి. నవ్వకండి, విజిట్ ఛార్జీ కట్టాక ఈ సంగతి తెలిసిన ఇళ్లు తక్కువేం కాదు.

తర్వాత ఏసీని పావుగంట నడిపి, లోపలికి పీల్చుకునే గాలి, బయటికి వచ్చే గాలి ఉష్ణోగ్రతలు మామూలు థర్మామీటర్‌తో చూడండి. తేడా దాదాపు 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే గ్యాస్ సంగతి బాగానే ఉన్నట్టు లెక్క. డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ కనిపిస్తే ఫొటో తీయండి, దాని అర్థం మాన్యువల్‌లో ఉంటుంది. మెకానిక్ వచ్చాక ‘‘ఇ-6 చూపిస్తోంది’’ అని మీరే ముందుగా చెబితే మాట తీరే మారిపోతుంది.

వారంటీ కార్డు కూడా వెతకండి. ఏసీ మొత్తానికి ఏడాదే ఉన్నా, చాలా కంపెనీలు కంప్రెసర్‌కు, కొన్ని పీసీబీకి కూడా ఎక్కువ ఏళ్ల వారంటీ ఇస్తాయి. బయటి మెకానిక్ విప్పాక ఆ వారంటీ చెల్లదని కంపెనీ అనొచ్చు. అయితే కంప్రెసర్ వారంటీ అంటే చాలాసార్లు ఆ భాగం వరకే. గ్యాస్‌కు, కూలికి విడిగా అడుగుతారు. ఈ సంగతి ముందే తెలుసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

విడిభాగాలు: పాతది మీ చేతికి రావాలి

ఎక్కువగా ‘పోయేది’ కెపాసిటర్. డబ్బా ఆకారంలో ఉండే చిన్న భాగం, ఖరీదు కొన్ని వందల్లోనే ఉంటుంది. దాని మీద ఎన్ని మైక్రోఫ్యారడ్లో రాసి ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి కొలిస్తే ఆ అంకెకు దగ్గరగా రావాలి. చాలా కెపాసిటర్ల మీద ఐదు శాతం అటూ ఇటూ అని కూడా ఉంటుంది. బాగా తక్కువ చూపిస్తే మార్చాల్సిందే, అనుమానం లేదు. కొలవకుండా ‘వీక్’ అంటే మాత్రం కొలిచి చూపించమనండి. ఇంకో చిన్న విషయం: ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్‌ను పీసీబీయే నడిపిస్తుంది. పాత ఏసీల్లోలా దానికి వేరే రన్ కెపాసిటర్ ఉండదు. మీది ఇన్వర్టర్ ఏసీ అయ్యుండి ‘కంప్రెసర్ కెపాసిటర్ పోయింది’ అని వింటే ఆ భాగం ఎక్కడుందో చూపించమని అడగండి.

పీసీబీ విషయంలో ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. బోర్డు మొత్తం మార్చాలా, రిపేరు చేయొచ్చా అని రెండో మాట అడగడంలో తప్పు లేదు. బోర్డు తీసుకెళ్లి తెస్తామంటే సీరియల్ నంబర్ కనిపించేలా ఫొటో తీసుకున్నాకే ఇవ్వండి.

కొత్త భాగం ఏదైనా సీల్ వేసిన ప్యాకెట్‌లో రావాలి, ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉండాలి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. బిగించే కూలి వేరు, దాన్ని భాగం ధరలో కలిపేయకూడదు. తీసేసిన పాత భాగాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. ‘‘పాతది ఇచ్చేయండి’’ అని పని మొదలయ్యే ముందే చెబితే, అవసరం లేని మార్పులు చాలావరకు ఆగిపోతాయి.

ఇల్లు మారేటప్పుడు

అద్దె ఇళ్లలో ఉండే ఐటీ ఉద్యోగులకు ఎక్కువగా చేతి చమురు వదిలేది ఇక్కడే. ఏసీ విప్పేటప్పుడు గ్యాస్ పోవడం తప్పదని చెబుతారు. నిజం కాదు. ఏసీ నడుస్తుండగా ఒక వాల్వ్ మూసి, గ్యాస్‌నంతా ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి, తర్వాత రెండో వాల్వ్ కూడా మూస్తారు. దీన్ని పంప్ డౌన్ అంటారు, కొన్ని నిమిషాల పని. అలా చేస్తే కొత్త ఇంట్లో పాత గ్యాసే పనికొస్తుంది. కంప్రెసర్ నడవని ఏసీకి ఇది కుదరదు, కొత్త ఇంట్లో పైపు బాగా పొడవైతే కొంత గ్యాస్ కలపాల్సి రావచ్చు. మిగతా సందర్భాల్లో విప్పేవాళ్లు పంప్ డౌన్ చేశారా అని పక్కన నిలబడి చూడండి.

రాగి పైపు అడుగు లెక్కన అమ్ముతారు. గోడ దగ్గర టేపు పట్టుకుని మీరే కొలవండి. పది అడుగులు వేసి పదిహేనుకు బిల్లు రాయడం పాత అలవాటు. పైపు, దానిపై తొడుగు, వైరు, నీళ్ల పైపు కలిపి ఒకే రేటా, విడివిడిగానా అన్నది ముందే తేల్చుకోండి. అంచు మీదకు దిగాల్సి వస్తే అడిగే అదనపు కూలి కూడా అంతే. అది న్యాయమైనదే కావచ్చు, కానీ పని మధ్యలో చెప్పకూడదు. నడుముకు బెల్టు లేకుండా దిగుతామంటే మాత్రం ఒప్పుకోకండి.

ఎవరిని పిలుస్తున్నారు?

సెర్చ్‌లో పైన కనిపించే ‘కస్టమర్ కేర్’ నంబర్ కంపెనీది కాకపోవచ్చు. కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచో, వారంటీ కార్డు నుంచో నంబర్ తీసుకోండి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లోనూ గృహోపకరణాల కంపెనీల సర్వీసు వివరాలు ఉన్నాయి. బుకింగ్ కోసమంటూ లింకు పంపి ఓటీపీ అడిగినా, ఏదో యాప్ డౌన్‌లోడ్ చేయమన్నా అది ఏసీ సర్వీసు కాదు. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

యాప్‌లో బుక్ చేస్తే అందులోనే రేట్ల కార్డు ఉందేమో చూడండి. అర్బన్ కంపెనీ లాంటివి విడిభాగాల ధరలు ముందే చూపిస్తాయి. ‘‘యాప్‌లో క్యాన్సిల్ చేయండి, నేరుగా తక్కువకు చేస్తా’’ అన్న మాటకు లొంగితే రేట్ల కార్డు, గ్యారంటీ, ఫిర్యాదు చేసే దారి మూడూ పోతాయి. యాప్ చివరి స్క్రీన్‌లో కొత్త ఛార్జీలు కలిపినా, మీరు ఎంచుకోని సేవను బిల్లులో చేర్చినా, 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల ప్రకారం అవి నిషిద్ధం.

బిల్లు, ఆ తర్వాత

‘‘బిల్లు కావాలంటే జీఎస్టీ 18 శాతం అదనం’’ అన్న మాట మీరు వినే ఉంటారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి ఆ పన్ను వసూలు చేయకూడదు. రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద 15 అక్షరాలు, అంకెల నంబర్ ఉంటుంది, తెలంగాణలో తీసుకున్నదైతే 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే ఎవరి పేరుతో ఉందో కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ లేకున్నా పన్ను లేని మామూలు రసీదు ఇవ్వొచ్చు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం కింద బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే. బిల్లులో గ్యాస్ రకం, గ్రాములు, భాగం పేరు, కూలి విడివిడిగా రాయించండి. డబ్బు యూపీఐలో కట్టండి.

తేడా వస్తే ముందు 1915కి కాల్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. 8800001915కి వాట్సాప్ కూడా చేయొచ్చు. అది కోర్టు కాదు, కానీ కంపెనీలతో, యాప్‌లతో ఉన్న గొడవలు చాలావరకు అక్కడే తేలతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు.

ఇక్కడే తెల్లాపూర్ వాళ్లు తడబడతారు. పక్కనే ఉన్న నల్లగండ్ల రంగారెడ్డి జిల్లాలో ఉంది, తెల్లాపూర్ సంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది. పాత చట్టంలో ఎదుటి పక్షం ఉన్నచోట, లేదా సమస్య తలెత్తిన చోట ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు ఉంటున్న చోట, లేదా ఉద్యోగం చేస్తున్న చోట కూడా వేయొచ్చు. అంటే తెల్లాపూర్‌లో ఉంటూ గచ్చిబౌలిలో పనిచేస్తుంటే సంగారెడ్డి, రంగారెడ్డి కమిషన్లలో ఏది వీలైతే అది ఎంచుకోవచ్చు. ఫిర్యాదుకు ఆ ప్లేటు ఫొటో, బిల్లు, యూపీఐ రసీదు, వాట్సాప్ మాటలు జత చేయండి. పాత కెపాసిటర్‌ను పారేయకుండా డబ్బాలో పెట్టి ఉంచండి.