పత్తి జిన్ను కీళ్లు, తెర మీది కీళ్లు

యంత్రంలో రెండు భాగాలను కలిపే కీలు ఒక సంగతి తేలుస్తుంది: వాటి మధ్య ఏ కదలిక ఉండాలి, ఏది ఆగాలి. తలుపు బందు తిరగనిస్తుంది, పక్కకు జరగనివ్వదు. బల్ల సొరుగు జరుగుతుంది, తిరగదు. ఈ లెక్క వడ్రంగి చేతిలోంచి కంప్యూటర్ ప్రోగ్రాంలోకి ఎలా చేరిందో పత్తి నుంచి గింజ తీసే జిన్ను వెంట నడిస్తే తెలుస్తుంది. జిన్నుల ఊరు భైంసా. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా నాందేడ్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత ఆదిలాబాద్‌లో కలిసింది. 2016 నుంచి నిర్మల్ జిల్లాలో ఉంది. జిల్లాలు మారినా నల్లరేగడి మారలేదు, పత్తీ మారలేదు.

మిల్లులు రాకముందు గింజ తీసింది చేతి చరఖా. రెండు సన్నని రోలర్లు ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా తిరుగుతూ దూదిని లాక్కుంటాయి, సందులో పట్టని గింజ ఇవతలే రాలుతుంది. తిప్పే పిడి మాత్రం ఒక్క రోలరుకే ఉండేది. రెండోది కూడా తిరగడానికి రోలర్ల చివర కర్రలోనే మరచుట్లు చెక్కి ఒకదానితో ఒకటి పట్టించేవారు. ఈ మరగేరును భారతీయ చరఖా ప్రత్యేకతగా సాంకేతిక చరిత్రకారులు గుర్తిస్తారు. కొలతల కాగితం లేకుండా ఇంత పని చేసిన చేతుల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు.

అమెరికాలో 1794లో ఎలీ విట్నీ పేటెంటు పొందిన జిన్నుకే పేరెక్కువ. ఇక్కడి మిల్లుల వంశం మాత్రం 1840లో ఫోన్స్ మెకార్తీ పేటెంటు చేసిన రోలరు జిన్నుది. దాని నుంచే వచ్చిన డబుల్ రోలర్ జిన్నులో రెండు తోలు రోలర్లు నెమ్మదిగా తిరుగుతూ దూదిని పట్టి లాగుతాయి. ప్రతి రోలరుకూ ఒక కత్తి ఆనుకుని కదలకుండా ఉంటుంది. నడుమనున్న షాఫ్టుకు బిగించిన కత్తులు నిమిషానికి వెయ్యి సార్లకు అటూఇటూగా ఊగుతూ గింజను కొట్టి విడదీస్తాయి. మోటారు తిరుగుడు ఈ ఊగుడుగా మారేది క్రాంకు, కనెక్టింగ్ రాడ్, షాఫ్టు మీది లీవరు, వీటిని మోసే ఫ్రేము వల్ల. భాగాలు నాలుగు, కీళ్లు నాలుగు.

ఇలాంటి కీళ్లను శాస్త్రంగా కూర్చినవాడు జర్మన్ ఇంజినీరు ఫ్రాంజ్ రూలో. 1875లో వెలువడిన ఆయన గ్రంథం యంత్రాన్ని జంటల గొలుసుగా చూసింది. ముఖానికి ముఖం ఆనే జంటలు ఒక తరగతి, గీత వెంటో బిందువు దగ్గరో మాత్రమే తాకేవి ఇంకో తరగతి. జిన్నులో తిరుగుడు కీళ్లు మొదటి తరగతివి, చరఖా మరగేరు రెండోదానిది. కాగితం మీద, అంటే సమతలంలో, జిన్ను లెక్క చక్కగా కుదురుతుంది: కదిలే మూడు భాగాలకు తొమ్మిది స్వేచ్ఛలు (విడివిడిగా కదలగల తీరులు), ఒక్కో కీలు రెండేసి చొప్పున ఎనిమిదింటిని లాగేసుకుంటే మిగిలేది ఒకటి. త్రిమితిలో అదే లెక్క తిరగబడుతుంది. మూడు భాగాలకు పద్దెనిమిది స్వేచ్ఛలుంటే, నాలుగు కీళ్లు అయిదేసి చొప్పున ఇరవైని అడుగుతాయి. ఉన్నదానికన్నా రెండు ఎక్కువ! అక్షాలు నాలుగూ కచ్చితంగా సమాంతరంగా ఉంటేనే యంత్రం కదులుతుంది. ఏ కొంచెం వాలినా బుష్‌లు అరుగుతాయి, బేరింగులు వేడెక్కుతాయి.

తెర మీది కథ 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ రాసిన స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రాంతో మొదలైంది. గీతల మధ్య షరతులు పెడితే కంప్యూటరే వాటిని నిలబెట్టేది, కడ్డీలను కలిపిన యంత్రాంగాలు ఆ తెర మీదే కదిలాయి. అంతకుముందే, 1955లో, దెనావిత్, హార్టెన్‌బర్గ్ ఒక్కో కీలును నాలుగు సంఖ్యలతో చెప్పే పద్ధతి ఇచ్చారు. 1995లో వచ్చిన సాలిడ్‌వర్క్స్ డిజైన్ సాఫ్ట్‌వేర్ భాగాలను జత చేసే పనిని మామూలు డిజైనర్ బల్ల మీదికి తెచ్చింది. ఈ రకం పని తెలుగునేలకు పెద్దఎత్తున చేరింది హైదరాబాద్ ద్వారా. బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి 1991లో స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, నేటి సైయెంట్, విదేశీ సంస్థలకు ఇంజినీరింగ్ డిజైన్ చేసిపెట్టింది. భైంసాకు పొరుగునున్న బాసరలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చెబుతున్నారు.

కీళ్లు చేత్తో పెట్టడం ఓపిక పని. రెండు అంచులు ఎంచాలి, రకం చెప్పాలి, ఎంతవరకు తిరగాలో హద్దు పెట్టాలి. ఒకే నమూనా జిన్నును నాలుగు కొలతల్లో గీయాల్సి వస్తే అదే తతంగం నాలుగుసార్లు. అందుకే మాక్రోలు, స్క్రిప్టులు వచ్చాయి. ఫ్యూజన్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పైథాన్ ప్రోగ్రాం భాగాలను వరసగా పట్టుకుని, బిగింపు, తిరుగుడు, జారుడు, బంతి కీలు వంటి ఏడు రకాల్లో కావలసింది పెట్టగలదు. అక్షాన్ని వృత్తపు అంచు నుంచి అదే తీసుకుంటుంది.

చిక్కు కూడా అక్కడే. ఎవరో రంధ్రం పక్కన ఒక గాడి కోస్తే అంచుల లోపలి గుర్తింపు మారిపోయి, నిన్న నడిచిన స్క్రిప్టు ఇవాళ తప్పు అంచును పట్టుకోవచ్చు. అందుకని అనుభవజ్ఞులు కీలు పెట్టాల్సిన చోట ముందే అక్షాలు గీసి పేర్లు పెడతారు, ప్రోగ్రాం పేరును వెతుకుతుంది. నాలుగు తిరుగుడు కీళ్లనూ అలాగే వదిలితే, ఒక కదలిక మిగలాలి కాబట్టి, చలన విశ్లేషణ మూడు షరతులు అదనమని హెచ్చరిస్తుంది. అప్పుడు కనెక్టింగ్ రాడ్ ఒక కొసన బంతి కీలు, రెండో కొసన తిరుగుతూ జారే కీలు పెడతారు. పోయే స్వేచ్ఛలు పదిహేడుకు తగ్గి, కదలిక ఒకటే మిగులుతుంది. విశ్లేషణ నడవడానికి ఇది చాలు. మిల్లులోని రాడ్‌కు మాత్రం బేరింగులు ఎప్పటిలాగే ఉంటాయి, అక్షాలను సమాంతరంగా నిలిపే పని ఫిట్టర్‌దే.