'కూ' పిట్ట ఎందుకు ఎగిరిపోయింది? కొత్త యాప్‌లకు అసలు పరీక్ష ఇదే!

పసుపు పిట్ట లోగోతో వచ్చిన 'కూ' యాప్ గుర్తుందా? బెంగళూరులో అప్రమేయ రాధాకృష్ణ, మయాంక్ బిదావత్కా 2020లో దీన్ని మొదలుపెట్టారు. 2021 ఫిబ్రవరిలో ట్విట్టర్‌కి, కేంద్రానికి మధ్య గొడవ ముదరగానే కేంద్ర మంత్రులు సైతం ఇటు వచ్చారు. తెలుగులోనే పోస్ట్ పెట్టే వీలుండటం మనవాళ్లకీ కలిసొచ్చింది. ఒక దశలో రోజూ వాడేవాళ్లు సుమారు 21 లక్షల మంది ఉన్నారని వ్యవస్థాపకులే చెప్పారు.

కానీ కోపంతో అకౌంట్ తెరవడం వేరు, రోజూ రావడం వేరు. పెట్టిన పోస్ట్‌కి పలికేవాళ్లు లేకపోతే రెండు రోజులు చూస్తారు, మూడో రోజు పాత చోటుకే పోతారు. ఫ్రెండ్స్, ఫాలోవర్లు అంతా అక్కడే ఉంటారు మరి!

అంత డబ్బున్న మెటాకీ ఇది తప్పలేదు. 2023 జులైలో థ్రెడ్స్‌లో 5 రోజుల్లోనే 10 కోట్ల మంది చేరారు. నెల తిరక్కముందే సగానికి పైగా జారిపోయారని జుకర్‌బర్గే ఒప్పుకున్నారు. అప్పటికి కంప్యూటర్‌లో వాడే వెర్షన్ కూడా లేదు. కాకపోతే థ్రెడ్స్‌కి ఇన్‌స్టాగ్రామ్ అండ ఉంది కాబట్టి నిలదొక్కుకుంది.

కూకి అలాంటి అండ లేదు. నిధుల కరువే దెబ్బతీసిందన్నది వ్యవస్థాపకుల మాట. పెద్ద కంపెనీలతో చర్చలు ఫలించక 2024 జులైలో యాప్ మూసేస్తున్నట్టు ప్రకటించారు.