పద్యానికీ గంటకీ నడుమ ఒక ఎత్తు

నిజాం ఏలుబడిలో ఉంటూనే పాలమూరు సంస్థానాలు కవిపండితులను పోటీపడి ఆదరించాయి. గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న పేరే స్థిరపడింది. వనపర్తి, ఆత్మకూరు, నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురం కూడా ఆ దారివే. తిరుపతి వేంకట కవులుగా పేరుపొందిన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలను దర్శించారు.

ఇలాంటి కవులు సభల్లో చేసే అష్టావధానంలో, అంటే ఎనిమిది అంశాలను ఒకేసారి నడిపే ప్రక్రియలో, ఆ కాలాన చదరంగానికీ చోటుండేది. ఒకరు సమస్య ఇస్తారు, ఇంకొకరు నిషిద్ధాక్షరితో అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు, వెనక నుంచి వీపు మీద పూలు విసురుతారు, ఎక్కడో గంట మోగుతుంది. పూలెన్నో, గంటలెన్నో చివర్లో లెక్క చెప్పాలి. వీటన్నిటి మధ్యా బల్ల ముందున్న పృచ్ఛకుడు గుర్రాన్ని జరిపి జవాబు కోసం చూస్తాడు.

ఆట కొత్తగా నేర్చినవాళ్ళు బోల్తా పడేది సరిగ్గా ఇలాంటి చోటే. ఆ గుర్రం పక్కనే ఒక బంటు ఊరికే దొరుకుతున్నట్టు ఉంటుంది. చెయ్యి దాని మీదికే పోతుంది. బంటును కొట్టీ కొట్టగానే గుర్రం ఎగిరి రాజుకూ ఏనుగుకూ ఒకేసారి గురిపెడుతుంది. రాజు తప్పుకోక తప్పదు, ఏనుగు పోతుంది. ఎదుటివాడి ఎత్తు దేనికోసమో ఒక్క క్షణం ప్రశ్నించుకుని ఉంటే ఆ నష్టం జరగదు.

అవధానికి ఆ క్షణం తప్పనిసరిగా దొరుకుతుంది. పద్యపాదం ముగించి బల్ల వైపు తిరిగిన ప్రతిసారీ పావులన్నీ మళ్ళీ మొదటినుంచి చూసుకోవాల్సిందే. ఇందాక అనుకున్న ఎత్తును పట్టుకుని వేలాడే వీలుండదు. ధారణ అంటే గుర్తుపెట్టుకోవడం ఒక్కటే కాదు. ఒక పని తాలూకు తొందర రెండో పనిలోకి పాకకుండా కాచుకోవడం కూడా. అవధానంలో చదరంగం పరీక్షించింది ఎత్తుల తెలివిని మించి ఈ నిగ్రహాన్నేనని నమ్మడానికి బలమైన కారణముంది.

చదరంగం ఆడే పాత దేశీ పద్ధతి కూడా నిదానమైనదే. బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడుస్తుంది. నేటి కోటకట్టుకు బదులు రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకవచ్చు. బలగాలు ఎదురుపడేసరికి చాలా ఎత్తులు పట్టేవి.

1948లో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది, సంస్థానాల ఏలుబడి ముగిసింది. అవధానం మాత్రం నిలిచింది. నేటి సభల్లో సాహిత్య అంశాలదే పైచేయి, చదరంగం అరుదైపోయింది.

ఆట మరో దారిలో పెరిగింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళా ర్యాపిడ్ పోటీల్లో కోనేరు హంపి తొలి రౌండే ఓడిపోయింది. ర్యాపిడ్‌లో ఆటగాడికి దక్కేది పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం. ఓటమిని తలుచుకుంటూ కూర్చునే తీరిక ఎక్కడిది? మిగిలిన పది రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చుకుని, 2019 మాస్కో తర్వాత రెండోసారి ఆ కిరీటం గెలుచుకుంది.