మూసీ ఒడ్డున చక్కెర లెక్క

గౌలిపురాలో మా తాత పొద్దు మైలుతుత్తం రంగుతో మొదలయ్యేది. పెరటి అరుగు మీద స్పిరిట్ దీపం, చెక్క పట్టకారు, దాని కొసన గాజు గొట్టం. గొట్టంలో చెంచాడు బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం లెక్కపెట్టి వేసి, మంట మీద ఆడిస్తూ కాచేవాడు. నీలం నీలంగానే ఉంటే ఆ పూట ఇంట్లో అందరికీ తెరిపి. ఆకుపచ్చకు తిరిగితే నానమ్మ వంటింట్లోంచి ఓసారి తొంగిచూసేది. పసుపు, నారింజ దాటి ఇటుక రంగు తేలిందంటే మాత్రం బయటికొచ్చి నిలబడేది. "నిన్న దావత్‌ల డబుల్ కా మీఠా తిన్నవా లేదా, నిజం చెప్పు." తాత గొట్టం కడుక్కుంటూ, "ఒక్క చెంచనే తిన్న" అనేవాడు. ఇటుక రంగుకు చెంచాల లెక్క తెలియదు గనక వాదన అక్కడితో ఆగేది.

ఆ ద్రావణంలో ఉన్నది మైలుతుత్తం, సోడా, సిట్రేటు. అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ 1908 ప్రాంతంలో తయారుచేశాడు. వేడి తగలగానే గ్లూకోజు రాగి లవణాన్ని ఎర్రటి మడ్డిగా మార్చేస్తుంది, అంతే కిటుకు. దాని లోపం కూడా అందులోనే ఉంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే గానీ సాధారణంగా మూత్రంలోకి దిగదు. దిగినా అది గొట్టంలోకి చేరేది కొన్ని గంటల తర్వాత. తాత ప్రతి పొద్దునా చూసుకున్నది రాత్రి ఒంట్లో నడిచిన కథ తాలూకు పాత వార్త. 170 ఉన్ననాడు కూడా గొట్టం నీలంగానే నవ్వేది.

అయినా ఆ గొట్టం తాత చేతిలో ఉండేది. పాతబస్తీలో చక్కెర జబ్బు చరిత్ర రాయమంటే నేను మందుల పేర్ల వెంట కాకుండా ఈ చెయ్యి వెంటే పోతాను. కొలత ఎవరి చేతిలో ఉంది?

మొదట హకీం చేతిలో. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ దవాఖానా ఏడో నిజాం కాలం నాటిది. ఆ వైద్యంలో నబ్జ్ (నాడి) పట్టి చూడటం ఎంత ముఖ్యమో ఖారూరా చూడటమూ అంతే. అంటే గాజు పాత్రలో పట్టిన మూత్రాన్ని వెలుతురుకు ఎత్తి రంగు, చిక్కదనం, నురగ, అడుగున పేరిన మడ్డి చూసి రోగం కట్టడం. చక్కెర జబ్బును వాళ్లు జియాబెతుస్ షకరీ అంటారు. ఆయుర్వేదం మధుమేహం అంది, మూత్రానికి చీమలు పట్టడాన్ని గుర్తుగా చెప్పింది. హకీం పాత్రకు మా తాత గొట్టం దగ్గరి చుట్టమే. నడుమ మంట ఒక్కటి వచ్చి చేరింది.

ఆ తర్వాత కొలత ఆసుపత్రికి వెళ్లింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టింది. ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఒడ్డునే విన్సెంట్ ఎష్ నమూనా గీసిన ఉస్మానియా ఆసుపత్రి భవనం 1920ల్లో లేచింది. ఇక్కడ గుమ్మటాలు లేస్తున్న రోజుల్లోనే టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ తీశారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటి సూది పడింది. అంతవరకూ చిన్నవయసులో ఈ జబ్బు వచ్చిందంటే పస్తులతో కొన్నాళ్లు నెట్టుకురావడం తప్ప దారి లేదు.

సూది వచ్చాక అసలు చిక్కు మొదలైంది. ఎంత ఎక్కించాలి? దానికి రక్తంలో లెక్క కావాలి. 1920లో హార్వర్డ్‌లో ఒటో ఫోలిన్, హ్సియెన్ వూ ఇచ్చిన పద్ధతే దశాబ్దాల పాటు మన ల్యాబుల్లోనూ నడిచింది. అందులోనూ రాగే, కాకపోతే చివరికి వచ్చే రంగు నీలం. నీలం ఎంత ముదిరితే చక్కెర అంత ఎక్కువ. మా తాతకు శుభమైన రంగు ల్యాబులో అశుభం! ఆ ఫోలిన్ విభాగంలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చేరాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇచ్చాడు. అదీ మాలిబ్డినం నీలమే. చక్కెరకు ఒక నీలం, ఫాస్ఫరస్‌కు ఒక నీలం, రెండూ ఒకే గూటివి.

ల్యాబు నుంచి కొలతను ఇంటికి లాక్కొచ్చింది ఒక రోగి మొండితనం. 1970 ప్రాంతంలో ఏమ్స్ కంపెనీ తెచ్చిన మీటరు కిలో పైన బరువు, ఖరీదు ఐదువందల డాలర్లకు కాస్త తక్కువ, అమ్మేది డాక్టర్లకే. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే న్యూయార్క్ ఇంజినీరు చిన్నప్పటి నుంచీ చక్కెర రోగి. డాక్టరైన భార్య పేరు మీద ఆ మీటరు కొని రోజుకు నాలుగైదుసార్లు వేలు గుచ్చుకుని తన లెక్క తానే రాసుకున్నాడు. ఇంజినీరు రాసింది వైద్య పత్రికలు వేసుకోకపోతే నలభై దాటాక వైద్య కళాశాలలో చేరి డాక్టరే అయ్యాడు. ఈ రోజు మెడికల్ షాపులో వెయ్యి రూపాయలకు దొరికే అరచేతి మీటరు వెనక ఆ పంతం ఉంది.

హైదరాబాద్‌కు మాత్రం తన లెక్క తనకు 2000లో గానీ తెలియలేదు. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఆరు నగరాల్లో ఇరవై ఏళ్లు నిండిన 11,216 మందిని పరీక్షించింది. చక్కెర రోగులు ముంబైలో 9.3 శాతం, ఢిల్లీలో 11.6, కోల్‌కతాలో 11.7, బెంగళూరులో 12.4, చెన్నైలో 13.5. అన్నిటికన్నా పైన హైదరాబాద్, 16.6 శాతం. మరుసటి ఏడు ఫలితాలు అచ్చయ్యాయి. బిర్యానీకి, ముత్యాలకు పేరున్న ఊరికి కొత్త బిరుదు తగిలింది.

నిందంతా ఇరానీ చాయ్ మీద వేసేవాళ్లున్నారు. పక్కన ఉస్మానియా బిస్కెట్ ఉండనే ఉంది, దాన్ని ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసమే మొదట చేశారని ఊళ్లో ఒక కథ. నిజమైతే ఇంతకంటే వింత ఉండదు. కానీ ఇరాన్ మనకిచ్చింది చాయ్ ఒక్కటే కాదు. 1968లో టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ రహ్బర్ రక్త నమూనాల్లో తేడా హిమోగ్లోబిన్ల కోసం వెతుకుతుంటే చక్కెర రోగుల రక్తంలో అదనపు గీత ఒకటి కనపడింది. ఎర్రకణానికి ఆయుష్షు సుమారు 120 రోజులు. అన్ని రోజులూ చుట్టూ ఉన్న తీపి దానికి అంటుకుంటూనే ఉంటుంది. ఆ అంటును కొలిస్తే రెండు మూడు నెలల సగటు తేలిపోతుంది. అదే ఇవాళ ప్రతి రిపోర్టులో కనపడే హెచ్‌బిఎ1సి. పరీక్షకు రెండు రోజుల ముందు పథ్యం చేసి డాక్టరును బురిడీ కొట్టించే విద్య దాంతో మూలపడింది. మా తాత ఆ పరీక్ష చూడకుండానే పోయాడు. చూసుంటే ఒక్క చెంచా వాదన నిలిచేది కాదు.

మందుల దగ్గరికొస్తే ఊరవతలికి, మియాపూర్ దాకా పోవాలి. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన డాక్టర్ కల్లం అంజిరెడ్డికి ఇతరుల మందులను చవగ్గా చేసి అమ్మడంతో తృప్తి తీరలేదు, సొంత మందు కావాలి. ఆయన పరిశోధనా సంస్థ కండకు, కొవ్వుకు ఇన్సులిన్ మాట వినిపించే గ్లిటజోన్ల మీద పడింది. 1997లో బాలాగ్లిటజోన్ అనే అణువును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ లైసెన్సుకు తీసుకుంది. భారతీయ కంపెనీ సొంతంగా కనిపెట్టిన అణువును విదేశీ కంపెనీ తీసుకోవడం అదే మొదలు. మరుసటి ఏడు రాగాగ్లిటజార్‌నూ తీసుకుంది. మనుషుల మీద దాని పరీక్షలు చివరి దశకు వచ్చిన వేళ, 2002 జులైలో, మందు తిన్న ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనిపించాయి. పరీక్షలు అక్కడితో ఆగిపోయాయి. బాలాగ్లిటజోన్ కూడా మూడో దశ వరకు నడిచి అంగడికి రాకుండానే ముగిసింది. ఆ ఎలుకల్లో కణుతులు కనిపించకపోతే చక్కెర మందుల చరిత్రలో మియాపూర్‌కు ఒక పుట ఉండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

అదే నోవో ఆ తర్వాత పేగుల హార్మోను జీఎల్‌పీ-1ను అనుకరించే మందుల మీద పడి సెమాగ్లూటైడ్ తెచ్చింది. వారానికి ఒక సూది. చక్కెరతో పాటు ఆకలీ, బరువూ తగ్గుతాయి. 2025లో ఆ మందు విషయంలోనే నోవో, అంజిరెడ్డి కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ఢిల్లీ హైకోర్టులో ఎదురెదురుగా నిలబడ్డాయి. పేటెంటు లేని దేశాలకు తయారుచేసి పంపుకోవచ్చని డిసెంబరులో హైదరాబాద్ కంపెనీకి అనుమతి దొరికింది. భారత్‌లో పేటెంటు గడువు 2026 మార్చి దాకా.

కొలత మాత్రం మీటరు దగ్గర ఆగలేదు. 1999లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి సెన్సరు మూడు రోజుల లెక్కను దాచిపెట్టి డాక్టరుకే చూపేది. 2014లో యూరప్‌లో వచ్చిన లిబ్రే, జబ్బకు అంటించుకునే, రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద సెన్సరు, రెండు వారాల పాటు రోగికే చూపింది. చర్మం కిందికి దిగిన వెంట్రుకంత తీగ కణాల మధ్య నీటిలోని గ్లూకోజును కొలుస్తుంది. నిమిషనిమిషానికీ ముందుకెళ్లే గీత, పక్కన పైకో కిందికో బాణం. రెండు వారాలకోసారి వేలల్లో ఖర్చు గనక పాతబస్తీలో అందరి జబ్బకూ ఇది కనిపించదు.

దాని అవసరం కనిపించేది రంజాన్‌లో. 2001లో ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న పదమూడు దేశాల్లో, భారత్ సహా, 12,243 మందిపై జరిగిన సర్వేలో టైప్-2 రోగుల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం ఉపవాస నెలలో ఏడున్నర రెట్లు పెరిగింది. వేలు గుచ్చి రక్తం చూసుకుంటే రోజా చెడదని ఇప్పుడు వైద్యులతో పాటు మతపెద్దలూ చెబుతున్నారు. 70 కన్నా దిగితే వెంటనే విడవాలన్నది వైద్యుల నియమం.

పోయిన రంజాన్‌లో లాడ్ బజార్‌లో గాజుల కొట్టు నడిపే ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. చొక్కా చేయి కింద బిళ్ల, గల్లాపెట్టె మీద ఫోను. సైరన్‌కు పన్నెండు నిమిషాలుంది. ఫోను 71 చూపిస్తోంది, బాణం కిందికి.

"అబ్బా, ఖోల్ దో" అన్నాడు కొడుకు.

"బారా మినిట్," అన్నాడాయన గాజుల డజన్లు కడుతూనే.

మరో రెండు నిమిషాలకు 68. కొడుకు ఇంకేమీ అనలేదు, ఖర్జూరం తీసి తండ్రి అరచేతిలో పెట్టాడు. ఆయన ఫోను వంక, మక్కా మసీదు వంక, నా వంక చూశాడు. బిస్మిల్లా అనుకుని నోట్లో వేసుకున్నాడు, వెంట గ్లాసు షర్బత్. తిన్నాక కూడా ఫోను 66 అనే చూపించింది. రక్తంలోకి చేరిన తీపి చర్మం కింది నీటికి చేరాలంటే ఇంకొన్ని నిమిషాలు పడుతుంది. సైరన్ మోగేసరికి 79, బాణం నిటారుగా.

"మీఠా కిత్నా డాలా రే షర్బత్ మే?" అని కొడుకును అడిగాడు.

"ఏక్ చమ్చా, అబ్బా."