వంగపండు ప్రసాదరావు

వంగపండు ప్రసాదరావు (1943 జూన్ – 2020 ఆగస్టు 4) ఉత్తరాంధ్రకు చెందిన ప్రజాకవి, గాయకుడు, నటుడు. 300కు పైగా పాటలు కట్టి, వాటిని తానే పాడుతూ, ఆడుతూ ఊరూరా తిరిగారు. విప్లవ సాంస్కృతిక సంస్థ జన నాట్య మండలి వ్యవస్థాపకుల్లో ఒకరు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ పాటతో తెలుగు నేలంతటా ఇంటింటా తెలిసిన పేరయ్యారు. బడిలో, రేడియోలో, సినిమాలో మోటు మాటగా చూసిన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల యాసను దిద్దకుండా, నునుపు చేయకుండా వేదిక ఎక్కించడం ఆయన చేసిన పనుల్లో అన్నిటికంటే పెద్దది.

పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి ఆయన సొంతూరు. ఆయన పుట్టేనాటికి అది విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు పార్వతీపురం అందులోకి వచ్చింది. అందువల్ల ఆయన ఎదిగినదీ, పాట పట్టినదీ శ్రీకాకుళం జిల్లా మనిషిగానే. ఆయన పాటల్లో ఆ పేరు పదేపదే వినిపించడానికి ఇదొక కారణమైతే, మరో కారణం 1960ల చివర ఆ జిల్లాలో రగిలిన రైతాంగ, గిరిజన పోరాటం.

ఆ పోరాటం ముందు పార్వతీపురం ఏజెన్సీ కొండల్లో రాజుకుంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక తీవ్రమైంది. ఏడాది తిరిగేసరికి కొండ దిగి సముద్రం ఒడ్డుకు, ఉద్దానానికి చేరింది. ఈ ఉద్దానం హౌరా రైలు మార్గం వెంట ఉంటుంది: నౌపడా దాటాక పూండి, ఆ తర్వాత పలాస, మందస రోడ్డు, బారువ, సోంపేట. పట్టాలకు తూర్పున కొబ్బరి, జీడి, పనస తోటలు. ఆ తోటల నీడన ఉన్న పలాస దగ్గరి బొడ్డపాడు ఈ చరిత్రలో చాలా ముఖ్యమైన ఊరు. వంగపండు పాట పుట్టుక తెలియాలంటే ఈ ఊళ్లోని సుబ్బారావు పాణిగ్రాహి గురించి తెలియాలి.

పాణిగ్రాహి ఒడియా కుటుంబంలో పుట్టారు. బొడ్డపాడు గుడిలో అర్చకత్వం చేస్తూ తెలుగులో పాటలు, కథలు కట్టారు. ఆయన ఎంచుకున్న రూపం జముకుల కథ. జముకు గుండ్రటి బోలు వాద్యం. ఒక వైపు తోలు బిగించి ఉంటుంది, రెండో వైపు ఖాళీ. తోలు నడిమి నుంచి ఒక తీగ లాగి, దాని కొసకు చిన్న పుల్ల కడతారు. వాద్యాన్ని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో పుల్ల పట్టి తీగను బిగిస్తూ వదులుతూ, రెండో చేత్తో మీటితే నాదం మూలుగుతుంది, గద్దిస్తుంది, నవ్వుతుంది. తీగ ఒక్కటే, మెట్లు లేవు, స్వరం ఎక్కడ నిలవాలో పిడికిలి బిగువే చెప్పాలి. కథకుడు నడుమ నిలబడి కథ చెబుతుంటే పక్కవాళ్లు వంత అందుకుంటారు. గ్రామదేవతల కథలు చెప్పుకోవడానికి తరాలుగా వాడిన ఆ రూపంలోకి పాణిగ్రాహి బుగతల (భూస్వాముల) దోపిడీని, కూలి రేట్లను, రైతు అప్పును తెచ్చారు. ఉద్దానం రైతుకూలీకి ఉపన్యాసం కొత్త, జముకు చప్పుడు మాత్రం పుట్టినప్పటి నుంచీ చెవిలో ఉన్నదే.

1969 డిసెంబరు 22న రంగమటియా కొండల దగ్గర పాణిగ్రాహి, పంచాది నిర్మల, మరికొందరు పోలీసుల చేతిలో మరణించారు. పోలీసులు దాన్ని ఎదురుకాల్పులన్నారు, పట్టుకుని కాల్చారని ఉద్యమకారులు అన్నారు. మనిషి పోయినా ఆయన పాటలు బయట తిరుగుతూనే ఉన్నాయి. పాడినందుకు శిక్ష పడటం ఈ జిల్లాకు కొత్త కాదు. తెల్లదొరల పాలన వద్దని పాట కట్టి 1920లలో జైలుకు వెళ్లిన గరిమెళ్ల సత్యనారాయణదీ శ్రీకాకుళం ప్రాంతమే.

ఈ గాలిలో వంగపండు గొంతు విప్పారు. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేస్తూ పాటలు రాసేవారు. యంత్రం ఎలా నడుస్తోందన్న ప్రశ్నతో మొదలై, దాన్ని నడిపే కార్మికుడి చేతుల దగ్గరికి చేరే ఆయన ప్రసిద్ధ గీతం ఊహలోంచి వచ్చింది కాదు. ఇనుమూ నూనే పులుముకున్న చేతులతో రాసింది. 1972లో గాయకుడు గద్దర్ తదితరులతో కలిసి జన నాట్య మండలి ప్రారంభించారు. గద్దర్ తెలంగాణ పల్లె నుంచి ఒగ్గుకథ, వీధిభాగోతాల వరసలు తెస్తే, వంగపండు తూర్పు తీరం నుంచి తన జానపద బాణీలు పట్టుకొచ్చారు. ఇద్దరి యాసలు వేరు, ఇద్దరూ ఒకే వేదిక మీద కాళ్లకు గజ్జెలు కట్టి ఆడారు. అప్పటిదాకా నగరంలో తెలుగు విప్లవ కవిత్వం ఎక్కువగా చదివే కవిత్వం, అచ్చులో ఉండేది. వీళ్ల రాకతో అది చదువురాని వాడి నోట కూడా నిలిచేదైంది. భూమి సమస్య మీద వంగపండు రూపొందించిన ‘భూమి భాగోతం’ నృత్యరూపకం ఇదే దారిలో వచ్చింది.

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ గురించి ఇక్కడ కొంచెం ఆగాలి. ‘వెళ్దాం, వస్తావా’ అని బడి తెలుగులో రాస్తే అందులో పిలుపు చచ్చిపోతుంది. ‘వ’కారం రాలిపోయి, రెండు క్రియలు ఒకదానిలోకి ఒకటి జారిపోయి ‘ఎల్దమొస్తవా’ అయినప్పుడే పొలం గట్టు మీద నుంచి ఒకరినొకరు కేక వేసుకున్నట్టు ఉంటుంది. ‘పిల్లడో’ అన్న ఆ చివరి ‘ఓ’ పాడేవారి ఊపిరి ఉన్నంత దూరం సాగుతుంది, ఆ సాగదీతలోనే గుంపు వచ్చి కలుస్తుంది. పైకి వినడానికి సరసపు పాటలా, సంతకో తీర్థానికో పిలిచినట్టు మొదలవుతుంది. పిలిచేది మాత్రం శ్రీకాకుళం కొండల్లో జరుగుతున్న పోరుకు. చిలకలూ మృగాలూ కూడా యుద్ధానికి కాలు దువ్వే విచిత్ర లోకం అందులో కనిపిస్తుంది. పిల్లల కథలోని వింత, కూలిజనం కసి, ప్రేమ పిలుపు మూడూ ఒకే పాటలో ఇమడటం వల్లనే రాజకీయం పట్టనివాళ్లు కూడా దాన్ని పాడుకున్నారు. నా దృష్టిలో ఉత్తరాంధ్ర యాసలో ఇంతకు మించిన పాట రాలేదు.

అంతగా జనంలో కలిసిపోయిన పాటకు దాని చిక్కులూ వచ్చాయి. 2009లో వచ్చిన రాజమౌళి చిత్రం ‘మగధీర’లో ఈ పల్లవిని ఒక హుషారు పాటలో వాడుకున్నారు, అది వివాదమైంది. కొత్తతరం పిల్లలు చాలామంది ఆ పల్లవిని అక్కడే మొదట విన్నారు, అది ఒక పోరాట గీతమని ఎరగరు. పాట బతికింది, కట్టిన సందర్భం మరుగున పడింది. రెండూ నిజమే. రెండోదాన్ని సరిదిద్దవలసిన బాధ్యత పాఠ్యపుస్తకాలది, ఇలాంటి విజ్ఞాన సర్వస్వాలది.

సినిమాతో వంగపండుకు అంతకు ముందే సంబంధం ఉంది. 1986 నాటి ఆర్. నారాయణమూర్తి చిత్రం ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో మొదలుపెట్టి సినిమాలకు పాటలు రాశారు, నటించారు. విప్లవ రచయితల సంఘంలో సభ్యుడిగా ఉన్నారు. 2008లో తెనాలిలో బొల్లిముంత శివరామకృష్ణ సాహితీ పురస్కారం, 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కళారత్న పురస్కారం అందుకున్నారు. ఆయన కూతురు ఉష కూడా గాయనిగా పేరు తెచ్చుకున్నారు.

ఆయన తెరిచిన దారిలో తర్వాతి వాళ్లు నడుస్తున్నారు. కరుణ కుమార్ దర్శకత్వంలో 2020 మార్చిలో విడుదలైన ‘పలాస 1978’లో పాత్రలు శ్రీకాకుళం యాసలోనే మాట్లాడతాయి. రఘు కుంచె సంగీతంలో ‘నక్కిలీసు గొలుసు’ జానపదం రాష్ట్రాలు దాటి మోగింది. ‘నాను’, ‘గుంట’, ‘అప్ప’ లాంటి మాటలు ఒకప్పుడు తెర మీద హాస్యగాడి నోట మాత్రమే పలికేవి. అవి కథానాయకుడి మాటలు కావడం వెనక వంగపండు యాభై ఏళ్ల పాట ఉంది.

అయితే పాట నిలిచినంతగా వాద్యం నిలవలేదు. జముకు వాయించగలవాళ్లు తరిగిపోయారు. పూండి నుంచి మందస దాకా ఏ ఊళ్లోనైనా ఇప్పటికీ జముకు మీటే పెద్దవారుంటే, పాత క్యాసెట్లో ఆ కథలుంటే, వాటిని రికార్డు చేసి దాచుకోవాలి. తీగ ఎంత బిగిస్తే ఏ స్వరం పలుకుతుందో కాగితం మీద రాసి పెట్టడం కుదరదు.

వంగపండు 2020 ఆగస్టు 4న గుండెపోటుతో పార్వతీపురంలోని తన ఇంట్లో కన్నుమూశారు. ఆయన వయసు 77. విశాఖపట్నం జిల్లాలో పుట్టి, శ్రీకాకుళం జిల్లాలో పెరిగి, 1979లో జిల్లా సరిహద్దులు మారాక విజయనగరం జిల్లావాసిగా కన్నుమూసిన ఆయన సొంతూరు పెదబొండపల్లి 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.